తమ్ముడి కాలికి కాయిల్ చుట్టిన నాలుగు నెలలు

ఆరో నెల ఎక్స్‌రే చేతిలో పట్టుకుని డాక్టర్ గారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా తమ్ముడు నా మొహం వంక, నేను ఆయన మొహం వంక చూస్తున్నాం. చివరికి "అతుకు పడటం లేదమ్మా" అన్నారు.

బైక్ మీద నుంచి పడ్డప్పుడు మోకాలి కింద ఉండే పెద్ద ఎముక, టిబియా అంటారే, అది నడిమికి విరిగింది. లోపల రాడ్ వేసి, పైనా కిందా స్క్రూలు బిగించారు, నాలుగైదు నెలల్లో నడిచేస్తాడన్నారు, మేమూ అదే లెక్కలో ఉన్నాం. మూడో నెల ఎక్స్‌రేలో విరిగిన గీత స్పష్టంగా కనిపించింది. నాలుగో నెలదీ, ఆరో నెలదీ పక్కపక్కన పెడితే ఏది ఎప్పటిదో తేదీ చూస్తే తప్ప చెప్పలేం. విరిగిన చోట చుట్టూ మబ్బులా కొత్త ఎముక కమ్ముకోవాలి, దాన్ని కాలస్ అంటారు. వీడికి ఒక పక్కన కాస్త వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఇలా ఆలస్యమైతే డిలేడ్ యూనియన్, ఇక అతకదని తేలితే నాన్ యూనియన్ అంటారు. రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది డాక్టర్ల మధ్యే తెగని లెక్క. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, ఎముక అతికించే మెషిన్ల పరీక్షల కోసం పెట్టుకున్న నిర్వచనం మాత్రం ఇది: దెబ్బ తగిలి కనీసం 9 నెలలు కావాలి, చివరి 3 నెలల్లో ఎక్స్‌రేలో ఏ మార్పూ ఉండకూడదు. ఆ లెక్కన వాడిది ఇంకా నాన్ యూనియన్ కాదు. వాడికి ఆ మాట చెబితే "అయితే సంతోషపడమంటావా అక్కా" అన్నాడు.

డాక్టర్ గారు రెండు దారులు చెప్పారు. ఒకటి, మళ్లీ ఆపరేషన్ చేసి తుంటి దగ్గర నుంచి కాస్త ఎముక తీసి విరిగిన చోట పెట్టడం. రెండోది, ఆపరేషన్ వాయిదా వేసి మూడు నాలుగు నెలలు వేరే ప్రయత్నాలు చేయడం. ఈ రెండో దారిలో నాలుగు పనులు చెప్పారు. కింద బిగించిన స్క్రూలు తీసేస్తారట, అప్పుడు అడుగు వేసినప్పుడల్లా విరిగిన రెండు కొసలూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువగా ఉంది కాబట్టి దానికి మందు. సిగరెట్ పూర్తిగా బంద్. ఈ మాట ఆయన నాతో కాకుండా వాడితో చెప్పారు, వాడు నా వైపు చూడలేదు, ఆరు నెలలుగా బాల్కనీలో ఏం జరుగుతోందో నాకు అప్పుడు అర్థమైంది. నాలుగోది, బోన్ స్టిమ్యులేటర్. అయస్కాంత తరంగాల మెషిన్ అన్నమాట.

మిగతా మూడూ విని తలూపిన నేను నాలుగోదాని దగ్గర ఆగిపోయాను. అయస్కాంతం అనగానే నాకు గుర్తొచ్చేది మణికట్టుకు వేసుకునే, అయస్కాంతాలు పెట్టిన రాగి కడియాలు, నడుం నొప్పి బెల్టులు. ఈయన కూడా మొదలుపెట్టారా అనిపించింది. ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెడితే తర్వాత రెండు వారాలు అదే పని.

ముందు మెషిన్ గురించి చెప్తాను. ప్లాస్టిక్ తొడుగులో పెట్టిన రాగి తీగ చుట్ట, ఒక తీగతో దానికి కలిపిన చిన్న డబ్బా, అందులో బ్యాటరీ. చుట్టను విరిగిన చోట కాలికి తగిలించుకోవాలి. బట్టల మీద నుంచైనా, పిండికట్టు మీద నుంచైనా పర్వాలేదు, చర్మానికి తగలక్కర్లేదు. రోజుకు మూడు గంటలు అన్నారు. కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ, ఎనిమిది, పది గంటలు కూడా చెబుతారు. ఆన్ చేస్తే లైటు వెలుగుతుంది, అంతే. వేడి ఉండదు, జుమ్మనదు, జివ్వుమనదు. మొదటి రోజు అరగంట పెట్టుకుని వాడు అడిగిన ప్రశ్న, "అక్కా, ఇది నిజంగా పనిచేస్తోందంటావా, లైటొక్కటే వెలుగుతోందా?"

నవ్వుకున్నాం గానీ ఆ ప్రశ్నలోనే ఈ వైద్యం గుట్టంతా ఉందని తర్వాత తెలిసింది. ఆ మాటకి మళ్లీ వస్తాను.

ఆ చుట్టలో, అంటే కాయిల్‌లో, కరెంటు చిన్న చిన్న పల్సులుగా వచ్చిపోతూ ఉంటుంది. ఎక్కువగా వాడే ఒక రకంలో సెకనుకు 15 సార్లు, ఒక్కోసారి గుప్పెడు పల్సుల చొప్పున. దాంతో చుట్టూ అయస్కాంత క్షేత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అలా మారుతూ ఉండే క్షేత్రం పక్కనున్న వస్తువులో చిన్న కరెంటు పుట్టిస్తుంది, 1831లో ఫారడే చూపించింది ఇదే, స్కూల్లో మనం బట్టీపట్టి పరీక్ష రాసి మర్చిపోయిందీ ఇదే. ఫోన్ వైర్‌లెస్ చార్జర్ నడిచేది కూడా దీని మీదే. తేడా బలంలో ఉంది: ఎమ్మారై మెషిన్ క్షేత్రం 1.5 టెస్లా అనుకుంటే, ఇది అందులో వెయ్యో వంతు అటూ ఇటూ. ఇక్కడ ముఖ్యమైన మాట "మారుతూ ఉండే" అన్నది. కదలకుండా ఒకచోట ఉన్న అయస్కాంతం ఎముకలో ఏ కరెంటూ పుట్టించదు, కాబట్టి కడియాలకీ బెల్టులకీ దీనికీ చుట్టరికం లేదు. నా మొదటి అనుమానం అక్కడితో తీరింది.

సరే, కరెంటు పుడితే ఎముకకేంటి? ఇక్కడ కథ నిజంగా బాగుంటుంది.

బరువు పడే దిక్కును బట్టి ఎముక తనను తాను మార్చుకుంటుందని 1892లోనే జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ రాశాడు. టెన్నిస్ ఆడేవాళ్లకి రాకెట్ పట్టే చేతి ఎముక లావుగా ఉండటం, అంతరిక్షంలో నెలల తరబడి ఉన్నవాళ్లకి ఎముకలు పలచబడటం అందుకే. కానీ బరువు ఎక్కడ పడుతోందో ఎముకకి ఎవరు చెబుతారు? జపాన్‌లో ఇవావో యసుడా అనే ఎముకల డాక్టర్, ఎయిచి ఫుకాడా అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి ఎండిన ఎముక ముక్కను నొక్కితే దానిలో విద్యుత్తు పుడుతుందని 1957లో చూపించారు. గ్యాస్ లైటర్ నొక్కితే నిప్పురవ్వ రావడానికి కారణమైన గుణమే, పీజోఎలక్ట్రిసిటీ, ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌కీ ఉందన్నమాట. ఒంట్లో ఎముక తడిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకో సంగతి జరుగుతుంది. అడుగు వేసినప్పుడల్లా సన్నటి కాలువల్లో ఉప్పునీరు లాంటి ద్రవం అటూ ఇటూ కదులుతుంది, ఆ కదలిక వల్ల కూడా వోల్టేజీ పుడుతుంది, నిజానికి బతికున్న ఎముకలో దీని వాటాయే ఎక్కువంటారు. వంగిన ఎముకలో నొక్కుకుపోయే పక్క నెగటివ్ అవుతుంది, కొత్త ఎముక పెరిగేదీ ఆ పక్కనే. అమెరికాలో ఆండ్రూ బాసెట్, రాబర్ట్ బెకర్ 1962లో ఈ వోల్టేజీలు కొలిచారు. తర్వాత బాసెట్ ఇంకో అడుగు వేశాడు: మనిషి నడవలేని స్థితిలో ఉంటే ఆ సంకేతాన్ని మనమే బయట నుంచి పంపితే? కోసి వైరు పెట్టకుండా, కాయిల్‌తో? 1974లో పావ్‌లక్, పిల్లా అనే ఇద్దరితో కలిసి రాసిన పేపర్ అదే. 1979లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చేసింది.

కణాల మీద చేసిన ప్రయోగాల్లో ఈ పల్సులు తగిలితే ఎముక కణాల లోపల కాల్షియం కదలిక మారుతుందనీ, ఎముక పెరగమని చెప్పే ప్రోటీన్లు, బీఎంపీలు అంటారు, ఎక్కువ తయారవుతాయనీ తేలింది. అంటే గాల్లో మేడ కాదు. కానీ గాజుపాత్రలో కణం వేరు, సిగరెట్ తాగే మా తమ్ముడి కాలు వేరు.

అందుకే మనుషుల మీద చేసిన పరీక్షల కోసం వెతికాను. దొరికినవాటిలో రెండు పరీక్షల్ని ఎన్నిసార్లు చదివానో.

మొదటిది 1984లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, ఇంగ్లండ్‌లో బార్కర్ అనే ఆయన బృందం చేసింది. ఏడాదికి పైగా అతకని టిబియాలున్న 16 మందిని తీసుకుని, కొందరికి అసలు మెషిన్, కొందరికి పనిచేయని ఉత్తుత్తి మెషిన్ ఇచ్చారు. ఏది ఎవరికిచ్చారో పేషంట్‌కీ తెలీదు, డాక్టర్‌కీ తెలీదు. ఇలాంటి పరీక్ష ఇంత శుభ్రంగా చేయగలగడానికి కారణం మా తమ్ముడు అడిగిన ప్రశ్నే: పెట్టుకున్నా ఏమీ తెలియదు కాబట్టి ఉత్తుత్తిది ఇచ్చినా ఎవరూ పసిగట్టలేరు. అందరికీ పిండికట్టు వేశారు, కాలు మీద బరువు వేయొద్దన్నారు. చివరికి అసలు మెషిన్ వాడిన 9 మందిలో 5గురికి అతికింది. ఉత్తుత్తిది వాడిన 7గురిలోనూ 5గురికి అతికింది!

ఏడాదికి పైగా అతకని ఎముకలు ఉత్తుత్తి డబ్బా తగిలించుకుంటే అతికాయి. అంతకుముందు మెషిన్ వల్లే అని చెప్పుకున్న విజయాల్లో ఎన్ని నిజానికి కట్టు కట్టి కదలకుండా ఉంచడం వల్ల వచ్చాయో అని ఎవరికైనా అనుమానం రాకుండా ఉంటుందా? నాకైతే ఆ రాత్రే మెషిన్ వెనక్కి ఇచ్చేద్దామనిపించింది.

రెండోది 1990లో షరార్డ్ చేసింది. ఇది మా వాడి స్థితికి దగ్గర, ఎందుకంటే 16 నుంచి 32 వారాల మధ్య ఉన్న, ఆలస్యంగా అతుకుతున్న టిబియాలు తీసుకున్నారు. 45 మంది, 12 వారాలు, అందరికీ పిండికట్టు. ఎక్స్‌రేలు చూసిన ఎముకల డాక్టర్ లెక్కలో అసలు మెషిన్ ఉన్న 20 మందిలో 9 మందికి అతికింది, ఉత్తుత్తిది ఉన్న 25 మందిలో 3 మందికే. మెషిన్ వెనక్కి ఇవ్వలేదు.

గమనించారా, 20లో 9. పని చేసిందని చెప్పుకునే పరీక్షలోనే సగం కంటే ఎక్కువ మందికి ఆ గడువులో అతకలేదు. మెషిన్ అమ్మేవాళ్లు చెప్పే 80 శాతం, 90 శాతం అంకెలు ఎక్కడివి అని చూస్తే, పోల్చడానికి ఉత్తుత్తి గుంపు లేకుండా వాడినవాళ్లని మాత్రమే లెక్కపెట్టిన రికార్డులు చాలా ఉన్నాయి. రోజుకు మూడు గంటలకి పైగా వాడినవాళ్లకి ఎక్కువ అతికింది, తక్కువ వాడినవాళ్లకి తక్కువ అతికింది అని కూడా రాస్తారు. వినడానికి బలంగానే ఉంటుంది. కానీ రోజూ మూడు గంటలు బుద్ధిగా మెషిన్ పెట్టుకునే మనిషి మందులు కూడా వేళకి వేసుకుంటాడు, సిగరెట్ మానమంటే మానతాడు, చెకప్‌కి రమ్మంటే వస్తాడు. అతికించింది మెషినో ఆ బుద్ధిమంతుడో ఎలా విడదీస్తాం?

మిగతావి గబగబా చెప్పేస్తాను. వైద్య పరీక్షలన్నిటినీ కలిపి జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2011లో చేసిన సమీక్షకి పనికొచ్చే పరీక్షలు నాలుగే దొరికాయి, మొత్తం 125 మంది. మొగ్గు మెషిన్ వైపే ఉంది గానీ గట్టిగా చెప్పలేమన్నారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో 259 మంది మీద, అప్పుడే విరిగిన టిబియాలకి మొదటి నుంచే మెషిన్ పెడితే మళ్లీ ఆపరేషన్లు తగ్గుతాయేమో అని చూశారు, తగ్గలేదు. 2016లో 15 పరీక్షలు కలిపి చూసిన విశ్లేషణలో ఎక్స్‌రేలో అతకకపోయే ప్రమాదం 35 శాతం తగ్గినట్టు, నొప్పి కాస్త తగ్గినట్టు తేలింది, మనిషి తిరిగి పనులు చేసుకోగలగడంలో మాత్రం తేడా కనిపించలేదు. దీనికి వరసయ్యే అల్ట్రాసౌండ్ మెషిన్ ఒకటుంది, దాన్ని 2016లోనే 501 మంది మీద పరీక్షిస్తే ఏ ఉపయోగమూ తేలలేదు. అది కూడా అప్పటికి ఎన్నో ఏళ్లుగా రాసిస్తున్నదే.

కాబట్టి నాకు అర్థమైనంతలో: తాజాగా విరిగినదానికి దీనితో పని లేదు. ఆలస్యమవుతున్నదానికి కొంత సాయం చేయొచ్చు. కానీ అసలు ఎందుకు ఆలస్యమవుతోంది అన్న ప్రశ్నకి ఇది జవాబు కాదు, అందరూ తప్పు చేసేది ఇక్కడే. విరిగిన కొసల మధ్య పెద్ద సందు ఉంటే ఏ కాయిలూ దాన్ని పూడ్చలేదు. లోపల చీము పట్టి ఉంటే ముందు అది పోవాలి, డాక్టర్ గారు సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్షలు ముందే చేయించింది అందుకే. స్క్రూలు వదులై ఎముక ఊగుతుంటే బిగించాలి. విరిగిన చోట నీరు చేరి దొంగ కీలు లాంటిది ఏర్పడితే మెషిన్ వృథా. సిగరెట్లోని నికోటిన్ రక్తనాళాల్ని ముడుచుకుపోయేలా చేస్తుంది, రక్తం అందని చోట ఎముక ఎలా పెరుగుతుంది? టిబియాకి ముందువైపు చర్మం తప్ప కండ లేదు, మామూలుగానే అక్కడ రక్తం అంతంతమాత్రం. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు హార్ట్ డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి పోకూడదు, గర్భిణులకీ ఎదిగే పిల్లలకీ సురక్షితమేనని తేల్చలేదు. రాడ్ ఉంటే ఇబ్బందా అని నేను భయపడ్డాను గానీ, ఇప్పటి రాడ్లు టైటానియంవీ, అయస్కాంతానికి అంటుకోని స్టీలువీ కాబట్టి మామూలుగా అడ్డు కాదట.

ఇంకో చిరాకు. ఈ మెషిన్ వైద్యాన్ని ఇంగ్లీషులో పల్స్డ్ ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్, పొట్టిగా పీఈఎంఎఫ్ అంటారు; ఆ నాలుగు అక్షరాలు పట్టుకుని పరుపులు, చాపలు, దిండ్లు అమ్ముతున్నారు, షుగర్ నుంచి డిప్రెషన్ దాకా అన్నిటికీ. ఎముక మీద జరిగిన పరిశోధనను చూపించి పరుపు అంటగట్టడం అన్నమాట. మాకు తెలిసినావిడ ఒకరు "అంత టెన్షన్ ఎందుకు, ఈ చాప మీద పడుకోబెట్టు" అని ప్రేమగా తెచ్చిచ్చారు. మర్యాదగా తీసుకుని అటక మీద పెట్టాను.

ఇక మా వాడి సంగతి. స్క్రూలు తీసిన వారానికే చేతికర్రతో కాలు మోపి నడవమన్నారు. మొదట్లో ఏడుపు, తర్వాత తిట్లు, తర్వాత అలవాటు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మెషిన్. డబ్బాలో గంటలు లెక్కపెట్టే మీటర్ ఉంది, డాక్టర్ గారు చెకప్‌లో మొదట అదే చూసేవారు, రోజూ పడుకునే ముందు నేనూ చూసేదాన్ని. రెండో నెలకి కాలస్ రెండో పక్కకి పాకింది. నాలుగో నెల చివర ఎక్స్‌రేలో, ముందు నుంచి ఒకటి పక్క నుంచి ఒకటి తీస్తే కనిపించే నాలుగు అంచుల్లో మూడు కలిసిపోయాయి. డాక్టర్ గారు ఈసారి వెంటనే మాట్లాడారు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మీటర్ మీద 338 గంటలు.

మెషిన్ వల్లేనా అని అందరూ అడుగుతారు. స్క్రూలు తీసింది అప్పుడే, విటమిన్ డి మొదలుపెట్టింది అప్పుడే, సిగరెట్ ఆపింది అప్పుడే, నడవడం మొదలైంది అప్పుడే. వీటిలో ఏది అతికించిందో చెప్పాలంటే ఇలాంటి తమ్ముళ్లు నాకు ఇంకో నలభై మంది ఉండాలి. డాక్టర్ గారిని అడిగితే ఆయన నవ్వి, "నాకూ తెలీదమ్మా, తెలిస్తే ఒక్కటే రాసిచ్చేవాణ్ణి కదా" అన్నారు. ఆ మాటతో ఆయన మీద గౌరవం పెరిగింది. మా అమ్మ మాత్రం మెషినే అని తేల్చేసింది, వచ్చినవాళ్లకి కాయిల్ తీసి చూపించేది కూడా.

మొన్న ఆ డబ్బా సర్దుతుంటే వాడు పక్కన నిలబడి, కర్ర లేకుండా నిలబడి, కాస్త నీళ్లు నమిలాడు. ఏంట్రా అంటే చెప్పాడు. క్రికెట్ మ్యాచ్‌లు ఉన్న రోజుల్లో అటూ ఇటూ తిరగడానికి అడ్డంగా ఉందని, కాయిల్ తీసి ఆన్ చేసి దిండుకి తగిలించేవాడట. మీటర్ నేను చూస్తానని.

"ఎన్ని రోజులు?" అన్నాను.

"లెక్కపెట్టలేదక్కా" అన్నాడు.